లోడన్ చర్చిలో ఫాంట్ మీద బొమ్మలు చెరిపింది ఎవరు? క్రామ్‌వెల్ సైనికులేనా?

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్ తూర్పున, నదులూ సరస్సులూ ఉండే నార్‌ఫోక్ బ్రాడ్స్‌లో ఫ్యామిలీతో బోటు తీసుకుని తిరుగుతూ లోడన్‌లో దిగారు, హోలీ ట్రినిటీ చర్చిలో మెట్ల మీద ఎనిమిది పలకల పెద్ద రాతి తొట్టి (ఫాంట్ అంటారు, బాప్తిస్మం ఇచ్చే తొట్టి) చూశారు, ప్రతి పలకలోనూ బొమ్మలు ఉండాల్సిన చోట చెక్కేసిన గుర్తులే ఉన్నాయి. అక్కడున్న పెద్దాయన ఎవరో క్రామ్‌వెల్ సైనికులు పగలగొట్టారని చెప్పారు. అది నిజమేనా, ఆ బొమ్మలు ఏమిటి, పసిపిల్లలకి అంత పెద్ద తొట్టి ఎందుకు, ఇప్పటికీ వాడతారా, ఇవీ మీ డౌట్లు. నేను ఇక్కడ పాత చర్చిల రాతి రిపేర్ పనుల్లో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు క్రామ్‌వెల్ సంగతి తేల్చేద్దాం. ఇంగ్లండ్‌లో ఏ పల్లెటూరి చర్చిలో ముక్కు విరిగిన బొమ్మ కనిపించినా క్రామ్‌వెల్ మీదకే తోసేస్తారు, అదొక అలవాటు అంతే. పైగా ఇద్దరు క్రామ్‌వెల్‌లు ఉన్నారు, జనం ఇద్దర్నీ కలిపేస్తారు. థామస్ క్రామ్‌వెల్ ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రి, మఠాలు మూయించినవాడు, 1540లో ఆయన తలే తీసేశారు. ఆలివర్ క్రామ్‌వెల్ దాదాపు వందేళ్ళ తర్వాతవాడు, 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన సివిల్ వార్ మనిషి. మీ లోడన్ విషయంలో మాత్రం ఇద్దరూ కాదు, సైనికులూ కాదు. ఆ చర్చి జమాఖర్చుల్లో 1642లో ఒక ఖర్చు రాసి ఉంది: చర్చిలో బొమ్మలు చెరిపినందుకు ఒక గ్లేజియర్‌కి, అంటే కిటికీ అద్దాలు బిగించే పనివాడికి, ఆరు షిల్లింగులు ఇచ్చారట. అంటే ఊరి చర్చి పెద్దలే మనిషిని కూలికి పెట్టి, డబ్బులిచ్చి చేయించుకున్న పని అది. గుర్రాలేసుకుని ఎవరో బయటి నుంచి వచ్చి పడి ధ్వంసం చేశారనే కథ వినడానికి బావుంటుంది గానీ, ఆరు షిల్లింగుల లెక్క నాకు దానికంటే ఎక్కువ చెప్తుంది. ఇంకో మాట, చెక్కిన తీరు చూసినా తెలుస్తుంది, కోపంతో సుత్తి పెట్టి బాదితే అంచులు, స్తంభాలు, మూలల్లో నగిషీ కూడా పోతాయి, ఇక్కడ ఫ్రేములు చాలావరకు వదిలేసి లోపల ఉన్న మనుషుల్ని మాత్రమే ఉలితో తీసేశారు. అది తాపీగా, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలిసినవాడు చేసిన పని.

ఇప్పుడు ఆ బొమ్మలు ఏమిటంటే, కాథలిక్కులు ఏడు దివ్య సంస్కారాలు అంటారు కదా, అవి. జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (బిషప్ తైలం రాసి విశ్వాసాన్ని స్థిరపరచడం), దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనం), పాపసంకీర్తనం (గురువుకి పాపాలు చెప్పుకోవడం), అవస్థాభ్యంగనం (రోగికి తైలం రాయడం), గురుపట్టం (గురువుగా, అంటే చర్చి పూజారిగా నియమించడం), జ్ఞానవివాహం (పెళ్ళి). తొట్టికి పలకలు ఎనిమిది, సంస్కారాలు ఏడు, మిగిలిన ఎనిమిదో పలకలో ఎక్కువగా యేసు యోర్దానులో బాప్తిస్మం పొందడమో, సిలువ ఘట్టమో పెడతారు. ఈ రకం ఫాంట్లు నలభైకి పైగా మిగిలాయి, దాదాపు అన్నీ నార్‌ఫోక్, సఫోక్ ఈ రెండు జిల్లాల్లోనే, బయట ఉన్నవి కెంట్‌లో ఒకటి, సోమర్‌సెట్‌లో ఒకటి. లోడన్‌లో ఎలా ఉండేవో ఊహించుకోవాలంటే ఉత్తర నార్‌ఫోక్‌లో స్లోలీ అనే చిన్న ఊరికి వెళ్ళండి, అక్కడి ఫాంట్ ఆశ్చర్యం వేసేంత బాగా మిగిలింది.

ఇలాంటి ఫాంట్ మంచిది దొరికితే ఒక్కో పలక దగ్గర కూర్చుని చూడాలి. జ్ఞానస్నానం పలకలో గురువు బట్టల్లేని పసిబిడ్డని రెండు చేతులతో పట్టుకుని తొట్టిలోకి దించుతుంటాడు, పక్కన ఒక కుర్రాడు పుస్తకం తెరిచి పట్టుకుంటాడు, ఆ చెక్కిన తొట్టి కూడా ఎనిమిది పలకలదే, అంటే ఫాంట్ మీద ఫాంట్ బొమ్మ. సత్ప్రసాదం పలకలో గురువు మనకి వీపు పెట్టి పీఠం వైపు తిరిగి అప్పాన్ని పైకెత్తుతుంటాడు, ఆ రోజుల్లో పూజలో జనానికి కనిపించేది ఆ వీపే. భద్రమైన అభ్యంగనంలో మేత్రాణుల (బిషప్) ముందుకి తెచ్చేది చంటిపిల్లల్ని, ఇప్పట్లా పెద్దయ్యేదాకా ఆగేవాళ్ళు కాదు. అవస్థాభ్యంగనంలో మంచం మీద రోగి, చుట్టూ ఇంటివాళ్ళు. పెళ్ళి పలకలో ఆడవాళ్ళ తలపాగాలు, టోపీలు చూసి ఏ దశాబ్దంలో చెక్కారో అంచనా వేసేవాళ్ళు కూడా ఉన్నారు, ఎందుకంటే చెక్కినవాడు బైబిల్ కాలం మనుషుల్ని కాదు, తన ఊళ్ళో రోజూ చూసేవాళ్ళనే పెట్టాడు. 1400ల్లో ఒక ఇంగ్లిష్ పల్లెటూరు చర్చిలో ఏం జరిగేదో ఇంత దగ్గరగా చూపించేవి ఇంకెక్కడా పెద్దగా లేవని నా అభిప్రాయం.

మరి ఈ రెండు జిల్లాల్లోనే ఎందుకు అంటే, ఉన్ని బట్టల వ్యాపారంలో అప్పట్లో ఇక్కడ డబ్బు బాగా ఉండేది, అది ఒక కారణం. ఇంకో కారణం లోడన్‌కి నేరుగా సంబంధించింది. 1428 నుంచి 1431 వరకు నారిచ్ మేత్రాణులు ఈ చుట్టుపక్కల ఊళ్ళ మీద మతద్రోహం విచారణలు జరిపించారు. లోలార్డులు అనేవాళ్ళు, జాన్ విక్లిఫ్ అనే ఇంగ్లిష్ మత సంస్కర్త భావాల నుంచి వచ్చినవాళ్ళు, గురువు చేతిలో అప్పం నిజంగా క్రీస్తు శరీరం అవ్వదు, గురువుకి పాపాలు చెప్పుకోనక్కర్లేదు, ఇలాంటివి ఇంగ్లిష్‌లో రహస్యంగా చదువుకునేవాళ్ళు. వాళ్ళ గురువు విలియం వైట్‌ని 1428లో నారిచ్‌లో సజీవ దహనం చేశారు. ఈ విచారణల్లో గట్టిగా వినిపించే పేరు హవీసియా మూన్, ఈవిడది ఎక్కడో కాదు మీరు బోటు కట్టిన లోడనే. 1430లో ఆవిడ ఒప్పుకోలు పత్రం ఇప్పటికీ ఉంది, అదీ ఇంగ్లిష్‌లో. చర్చిలో నీళ్ళతో ఇచ్చే బాప్తిస్మం ఒక పనికిమాలిన తంతు అని తాను నమ్మినట్టు అందులో ఉంది, పాపసంకీర్తనం దగ్గర నుంచి ఒక్కో సంస్కారాన్నీ వరసగా కొట్టిపారేసినట్టు ఉంది. తర్వాత ఇదే ప్రాంతంలో, ఆవిడ కాదన్న ఆ ఏడింటినే రాయి మీద చెక్కి, ప్రతి బిడ్డకీ బాప్తిస్మం ఇచ్చే చోట నిలబెట్టారు. ఆ విచారణలకీ ఈ ఫాంట్లకీ లింకు ఉందని వాదించే చరిత్రకారులు ఉన్నారు, ఆ వాదన నాకు సబబుగానే అనిపిస్తుంది. కాకపోతే అదొక్కటే కారణం అనుకోవద్దు, ఏడు సంస్కారాల గురించి ఏడాదికి నాలుగుసార్లు జనానికి వాళ్ళ భాషలో చెప్పాలని గురువులకి 1281 నుంచే రూల్ ఉంది, ఫాంట్ చూపిస్తూ చెప్తే ఎంత తేలికో ఆలోచించండి.

లోడన్‌లో ఇప్పుడున్న చర్చి భవనం 1490ల ప్రాంతంలోది, ఏడో హెన్రీకి అటార్నీ జనరల్‌గా చేసిన సర్ జేమ్స్ హోబర్ట్ కట్టించింది. ఈ రకం ఫాంట్ అంటే చేయించినవాళ్ళకి తక్కువ ఖర్చు కాదండీ. ఈస్ట్ డెరమ్ అనే ఊళ్ళో 1468లో ఇలాంటి ఫాంటే చేయించిన లెక్కలు మిగిలాయి, మొత్తం 12 పౌండ్ల పైచిలుకు అయింది. అప్పట్లో మంచి తాపీమేస్త్రీకి రోజుకి ఆరు పెన్నీలు, పౌండుకి 240 పెన్నీలు, అంటే దాదాపు ఐదొందల రోజుల కూలి. నార్‌ఫోక్‌లో చెక్కడానికి పనికొచ్చే రాయి కూడా పెద్దగా లేదు, నేలలో ఎక్కువగా దొరికేది చెకుముకి రాయి, మీరు చూసిన చర్చి గోడలు దాంతో కట్టినవే, అది ఉలికి లొంగదు. చెక్కే రాయి కావాలంటే బయటి నుంచి పడవల్లో తేవాల్సిందే. చెక్కాక అలాగే వదిలేసేవాళ్ళూ కాదు, నిండా రంగులు వేసేవాళ్ళు, సఫోక్‌లో వెస్ట్‌హాల్ చర్చికి వెళ్తే ఫాంట్ మీద పాత రంగులు ఇంకా కనిపిస్తాయి. మనకి ఈ చర్చిలన్నీ బూడిద రంగులో హుందాగా ఉండేవని ఒక భ్రమ ఉంది, అప్పట్లో చూసి ఉంటే అవి మన గాలిగోపురాల్లాగా ఉండేవి.

పెద్ద తొట్టి ఎందుకంటే, బిడ్డని నిజంగానే ముంచేవాళ్ళు కాబట్టి. మీరు ఒంగోలు వైపు బాప్టిస్టులం, మాకు చంటిపిల్లల బాప్తిస్మం అలవాటు లేదు అని రాశారు. 1878 జులై 3న మిషనరీ జాన్ క్లౌ గారి టైంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన చరిత్ర మీది, ఏరు ఉంటే తొట్టి ఎందుకు అనిపించడం సహజమే. కానీ ముంచడం అనే విషయంలో ఈ పాత కాథలిక్కులు మీకు అంత దూరం కాదు. తేడా అంతా వయసులో, పుట్టిన బిడ్డ రేపటికి ఉంటుందో ఉండదో తెలియని రోజులు, అందుకే పుట్టిన రోజో మర్నాడో తీసుకొచ్చేసేవాళ్ళు. తల మీద కాసిని నీళ్ళు పోసి సరిపెట్టడం ఇక్కడ మామూలైపోయింది తర్వాత్తర్వాత, కొత్తగా చేసిన ఫాంట్లు చిన్నవైపోవడానికి కారణం అదే.

ఆ నీళ్ళు ఏ రోజుకారోజు మార్చేవి కావు. ఈస్టర్ ముందు రాత్రి, పెంతెకోస్తు ముందు రోజు పెద్ద ప్రార్థనతో నీళ్ళు ఆశీర్వదించి, అభిషేక తైలం కలిపి, నెలల తరబడి అలాగే ఉంచేవాళ్ళు, అందుకే లోపల సీసం రేకు తొడుగు, అడుగున నీళ్ళు నేలలోకి ఇంకిపోయేలా ఒక కన్నం. ఆశీర్వదించిన నీళ్ళు అంటే జనం ఊరుకుంటారా, మంత్రతంత్రాలకి దొంగిలించేవాళ్ళు. 1236లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఎడ్మండ్, ఫాంట్లకి మూతపెట్టి తాళం వెయ్యాలని ఆర్డర్ వేశాడు, కారణం కూడా దాచలేదు, చేతబడి భయం అనే రాశాడు. ఇంగ్లండ్‌లో మధ్యయుగం ఫాంట్ ఏది చూసినా పై అంచు మీద చెయ్యి పెట్టి తడమండి. ఎదురెదురుగా రెండు చోట్ల ఇనుప కొక్కెం తాలూకు తుప్పు మొద్దో, సీసం పోసి పూడ్చిన గుంటో, పెచ్చు ఊడితే అతికించిన కొత్త రాయి ముక్కో చాలావాటికి తగులుతుంది. తర్వాత కొక్కేన్ని పీకితే దాంతోపాటు రాయి కూడా ఊడొచ్చింది, ఆ గాయం అది. బొమ్మల కంటే ముందు నేను చూసేది ఆ అంచునే.

ఇక విధ్వంసం సంగతికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే అది ఒక్క దెబ్బలో జరిగింది కాదు. వాల్సోకెన్ అనే ఊళ్ళో ఇదే రకం ఫాంట్ ఉంది, దాని మీద చెక్కిన సంవత్సరం 1544. చేయించిన దంపతుల పేర్లు, ఒక గురువు పేరు వేసి, మా ఆత్మల్ని తల్చుకోండి అని రాయించుకున్నారు పాపం. 1547లో ఎనిమిదో హెన్రీ పోయాడు, కొడుకు ఆరో ఎడ్వర్డ్ గద్దెక్కాడు, అంతే, చచ్చిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మూఢనమ్మకం అయిపోయింది, బొమ్మలు తీసెయ్యమన్నారు, ఏడు సంస్కారాలు కాస్తా రెండయ్యాయి. అంటే చెక్కించిన మూడేళ్ళకే ఆ ఫాంట్ మీద ఉన్నవి తప్పు కిందకి వచ్చేశాయి. చాలా ఊళ్ళలో ముఖాలు పోయింది ఈ తొలి విడతలోనే. మరీ ముఖ్యంగా కొన్ని ఊళ్ళవాళ్ళు తెలివిగా ముందుకి పొడుచుకొచ్చిన ముక్కులు, చేతులు మాత్రం చెక్కేసి, పైన సున్నం గచ్చు పూసి సాపు చేసేశారు. ఫాంట్‌ని తీసెయ్యడానికి వీల్లేదు మరి, ఎందుకంటే 1561లో ఎలిజబెత్ రాణి ఫాంట్లని ఉన్నచోటి నుంచి కదపొద్దు, వాటి బదులు బేసిన్లు పెట్టొద్దు అని ఆర్డర్ ఇచ్చింది. ఆ గచ్చు కిందే పడుకుని చాలా బొమ్మలు బతికిపోయాయి.

అందుకే 1640ల్లో రెండో విడత వచ్చినప్పుడు చాలాచోట్ల ఫాంట్ మీద చెరపడానికి కనిపించేది పెద్దగా ఏమీ లేదు. దీనికి సాక్షి విలియం డౌజింగ్. ఈయన పార్లమెంటు తరఫున సఫోక్, కేంబ్రిడ్జ్‌షైర్ చర్చిల్లో బొమ్మలు తీయించడానికి తిరిగిన అధికారి, 1643 డిసెంబర్‌లో ఆర్డర్ తీసుకుని 1644 అంతా తిరిగి, ఏ ఊళ్ళో ఎన్ని పగలగొట్టామో డైరీ రాసుకున్నాడు, చర్చికి ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు ఫీజు కూడా వసూలు చేసేవాడు. అన్ని చర్చిలు తిరిగిన మనిషి ఏడు సంస్కారాల ఫాంట్ల గురించి దాదాపు మాట్లాడడు, కిటికీ అద్దాలు, పీఠం మెట్లు, సమాధుల మీద రాతలు, వీటి మీదే అతని ధ్యాస.

డౌజింగ్ ఎదురుదెబ్బ తిన్న ఊరు ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. సఫోక్‌లో అఫర్డ్. అక్కడ ఫాంట్ మీద మూత ఉంది, పదిహేనో శతాబ్దం చెక్కపని, ఎత్తు దాదాపు 18 అడుగులు, చిన్న చిన్న గూళ్ళు, శిఖరాలు అంతస్తులంతస్తులుగా పైకి పోయి కొసన ఒక పెలికాన్ పక్షి తన రొమ్ము పొడుచుకుని పిల్లలకి రక్తం తాగిస్తుంటుంది, క్రీస్తుకి గుర్తు అన్నమాట. బాప్తిస్మం ఇవ్వాలంటే మొత్తం ఎత్తక్కర్లేదు, కింది భాగం పై భాగం మీదకి జరుగుతుంది. డౌజింగ్ 1644 జనవరిలో వచ్చి కొన్ని పగలగొట్టి, మిగతావి మీరే తీసెయ్యండని చెప్పి వెళ్ళాడు, వాళ్ళు తీయలేదు. ఆగస్టులో మళ్ళీ వస్తే తాళంచెవి ఇవ్వకుండా రెండు గంటలకి పైగా బయటే నిలబెట్టారు. చివరికి లోపలికి వెళ్ళాక డైరీలో ఏం రాశాడో తెలుసా, ఫాంట్ మీద పోప్ మూడంతస్తుల కిరీటంలా ఒక దివ్యమైన మూత, పైన పెలికాన్, అంతా బంగారు పూత అని. తిడుతున్నాడో మెచ్చుకుంటున్నాడో నాకైతే ఇప్పటికీ తేలదు. మూత మాత్రం ఈ రోజుకీ అక్కడే ఉంది.

1645లో పార్లమెంటు కొత్త ఆరాధన పద్ధతి పెట్టి, పోపుల కాలంలో ఫాంట్లు ఉన్న చోట బాప్తిస్మాలు ఇవ్వొద్దంది. దాంతో బేసిన్లు వచ్చాయి, కొన్ని ఫాంట్లు బయటికి పోయాయి. 1660లో రాజరికం మళ్ళీ వచ్చాక చాలావరకు మళ్ళీ పెట్టుకున్నారు గానీ, కొన్ని పశువుల కుడితి తొట్లుగా, తోటల్లో పూలకుండీలుగా ఉండిపోయాయి. గ్లాస్టర్‌షైర్‌లో డీర్‌హర్స్ట్ చర్చి ఫాంట్ తొమ్మిదో శతాబ్దంది, ఒళ్ళంతా సుడుల నగిషీ, దాని గిన్నె ఒక రైతు దొడ్లో తొట్టిగా బతికింది, కాడ ఇంకెక్కడో దొరికింది, 1800ల్లో రెంటినీ కలిపి చర్చిలో నిలబెట్టారు. విక్టోరియా కాలం వాళ్ళు ఇలా మంచీ చేశారు, చెడూ చేశారు, పాత రంగులు గీకెయ్యడం, అరిగిన బొమ్మలకి కొత్త ముఖాలు చెక్కడం వాళ్ళ పనే. ఎక్కడైనా అన్ని ముఖాలూ ఒకేలా, మరీ నున్నగా, ముక్కులు పదునుగా ఉంటే ఒకసారి అనుమానించండి. ఆ లెక్కన లోడన్‌లో ఖాళీ పలకల్ని అలాగే వదిలెయ్యడం మన అదృష్టం అనే అంటాను.

ఇప్పటికీ వాడతారా అన్నారు, చర్చి మూతబడకపోతే వాడతారు, దానికి స్పెషల్ పర్మిషన్ అంటూ ఏమీ లేదు. పాత సీసం తొడుగు చాలాచోట్ల కారుతుంది కాబట్టి లోపల చిన్న గిన్నె పెట్టి అందులో నీళ్ళు పోస్తారు, మూత ఎత్తి చూస్తే కొన్నిసార్లు స్టీలు గిన్నె కనిపిస్తుంది, కంగారుపడకండి. రాయిని కదపాలన్నా, రిపేర్ చెయ్యాలన్నా మాత్రం డయోసీస్ (బిషప్ కింద ఉండే ప్రాంతీయ చర్చి పాలన) నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ రావాలి, మా పని నెలల తరబడి ఆగిపోయేది అక్కడే. మీరు మళ్ళీ ఇటు వస్తే లోడన్, స్లోలీ రెండూ ఒకే రోజు పెట్టుకోండి, కారులో తేలికే. చిన్న టార్చ్ ఒకటి తీసుకెళ్ళి వెలుతురు పక్కవాటుగా వెయ్యండి, ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. లోడన్ పలకల్లో చెక్కేసిన మనుషుల అంచులు అప్పుడు బయటపడతాయి, స్లోలీ ఫొటో పక్కన పెట్టుకుంటే ఏది పెళ్ళి పలకో, ఏది మంచం మీద రోగో మీ పిల్లలే పోల్చి చెప్తారు.